మోకాలి ఎత్తున ఒక వీధి

చూడనిదాన్ని చూశానని చెప్పినవాడు, ఆ తరువాత దాన్నే ప్రాణంగా చూసుకుంటే, మొదట చెప్పిన అబద్ధం చెల్లిపోతుందా, చెల్లదా?

వేదాంతి ఈ ప్రశ్న తనకు తానే వేసుకున్నది ఏ అరణ్యంలోనో కాదు. తపాలా కార్యాలయంలో, ఉత్తరాలు వేరుచేసే గళ్ళ చట్రం ముందు, ఎవరిదో కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని. నలభై ఒక్క గళ్ళు, నలభై ఒక్క ఇళ్ళు. తొమ్మిదేళ్ళుగా అతని చేయి కళ్ళతో పని లేకుండానే ఆ గళ్ళలోకి పోయివస్తోంది. ఆ ఉదయం మాత్రం పదమూడో ఇంటి బిల్లు ముప్పై ఒకటో గడిలో పడింది.

"ఏం వేదాంతీ, ఆత్మ ఎక్కడికైనా డ్యూటీ మీద వెళ్ళిందా?" అన్నారు పోస్ట్‌మాస్టరు, కళ్ళద్దాల మీది నుంచి చూస్తూ.

"పెళ్ళి ఫోటోలండీ."

"అప్పుడే పెళ్ళయిందా?"

"కాలేదండీ. అయ్యేలోపు తీయించుకునే ఫోటోలు. పెళ్ళి కుదిరాక దిగేవి."

"అయ్యేలోపే బెంగ పట్టుకుందన్నమాట. మంచిది, తరువాత కొత్తగా ఉండదు," అని ఆయన ముద్ర వేయడంలో పడిపోయారు.

వేదాంతి అన్నది అతని పేరు కాదు, అక్క ఇచ్చిన బిరుదు. పదహారో ఏట ఒక లావుపాటి తత్వశాస్త్ర గ్రంథం చదివి, కంచం ముందు కూర్చుని "అసలు తినేది ఎవరు?" అని అడిగాడు. "ఎవరూ లేకపోతే నేనున్నాగా" అని అక్క కంచం లాక్కుంది. ఆనాటి నుంచి ఆ బిరుదు అతనికి అంటుకుపోయింది. చదువు మానలేదు గాని, తినేటప్పుడు ప్రశ్నలు వేయడం మానేశాడు.

అతని అబద్ధం చాలా చిన్నది. ఒక్క మాట. ఆ మాట పుట్టినది ఎముకల డాక్టరు వరండాలో.

తొమ్మిది నెలల కిందట, మోకాలి నొప్పితో అతను ఆ వరండా బల్ల మీద కూర్చున్నాడు. పక్కన భుజం నొప్పితో ఒక అమ్మాయి. గోళ్ళ అంచుల్లో రంగు, మోచేతి మీద సున్నం, మనిషి అతనికన్నా బెత్తెడు పొడవు. ఇంత మనిషినీ ఇంట్లో చిట్టి అని పిలుస్తారని అతనికి తరువాత తెలిసింది. ఆ అమ్మాయి అతని ఒడిలో ఉన్న టోపీ వంక చాలాసేపు చూసి, "మీరు వాలువీధి పోస్ట్‌మ్యాన్ కదూ?" అంది.

"అవునండీ. ఎలా గుర్తుపట్టారు?"

"మిమ్మల్ని కాదు, టోపీని. నడినెత్తిన ఆ సిరా మరక చూసి. రెండేళ్ళ కిందట మా నాన్నా నేనూ ఆ వీధిలో ఒక ఇంటికి రంగులు వేశాం. మూడు నెలలు మూడో అంతస్తులో, పరంజా మీద. తొమ్మిదింబావు అయ్యేసరికి టోపీ వచ్చేది, వంగేది, లేచేది, పోయేది. కింద మనిషున్నాడని ఎప్పుడూ అనుకోలేదు, నవ్వకండి." తరువాత, "మీరెప్పుడైనా పైకి చూశారా?" అని అడిగింది.

"రోజూ," అన్నాడు వేదాంతి.

ఎందుకన్నాడు? మర్యాద కోసమా, ఆ కళ్ళ కోసమా, మోకాలికి రాసిన మందు మత్తులోనా? తొమ్మిది నెలలుగా అతను ఈ విషయాన్ని తిరగేసి బోర్లేసి చూస్తున్నాడు. తేలింది ఒక్కటే. ఆ మాట అనగానే ఆమె ముఖంలో దీపం పెట్టినట్టయింది, దాన్ని ఆర్పడానికి అతనికి చేతులు రాలేదు.

ఆ దీపం పెళ్ళి దాకా నడిచివచ్చింది. ఒప్పుకున్న రోజున చిట్టి సూటిగానే చెప్పింది. "నన్ను చేసుకుంటామని వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. చీర కట్టుకుని కూర్చుంటే ఎవరైనా చూస్తారు. పదిహేనేళ్ళుగా గోడలకు వేలాడుతున్నా. గోడ బాగుందన్నవాళ్ళున్నారు గాని, గోడ మీద మనిషుందని తలెత్తినవాడు లేడు. నువ్వొక్కడివే. అందుకే సరే అంటున్నా."

అంటే పెళ్ళి మొత్తం 'రోజూ' అనే రెండక్షరాల మీద నిలబడింది. ఏ మేస్త్రీ అంత సన్నని పునాది మీద కోళ్ళగూడు కూడా కట్టడు.

ఇప్పుడు ఫోటోలు. వాలువీధిలో ఫోటోలు దిగాలని చిట్టి కోరింది. అందులో వింత లేదు. నగరంలో పెళ్ళి కుదిరిన ప్రతి జంటా అక్కడికే వస్తుంది. బండ్లు రాని వీధి. నున్నటి రాళ్ళు పరిచిన వాలు, మలుపు మలుపుకూ రాతి మెట్లు, మూడంతస్తుల పాత ఇళ్ళు, ఒక్కో ఇంటికి ఒక్కో రంగు, కిటికీలకు చెక్క రెక్కలు, వాటి కింద పూలకుండీలు. శని, ఆదివారాల్లో అక్కడ ప్రేమించుకుంటున్నట్టు నిలబడేవాళ్ళను దాటుకుని ఉత్తరాలు చేర్చడం వేదాంతికి చెమటలు పట్టించే పని.

"ఎక్కడ దిగాలో నీకు చెప్పక్కర్లేదుగా," అంది చిట్టి. "మా ఇంటి ముందే. మేం రంగేసిన ఇంటి ముందు. ఏ ఇల్లో నేను చెప్పను. నీకు తెలుసు."

"తెలియకేం," అన్నాడు వేదాంతి. ఒక అబద్ధానికి తోడు కావాలంటే రెండోది పిలవకుండానే వస్తుంది.

అతనికి తెలియదు. ఏ ఇల్లో, దానికి ఏ రంగో, అసలు ఆ వీధికి మూడో అంతస్తు ఉన్నదో లేదో కూడా అతనికి పుకారుగానే తెలుసు. ఆ వీధిలోని తలుపులకు ఉత్తరాల డబ్బాలు లేవు. తలుపు అడుగున, మోకాలి ఎత్తులో, ఇత్తడి రేకు మూతగా ఉన్న సన్నని సందు ఉంటుంది. వేదాంతి దాన్ని నోరు అంటాడు. నలభై ఒక్క నోళ్ళు. ఏ నోరు బిగుసుకుపోతుందో, ఏది వేలు కొరుకుతుందో, దేని వెనక కుక్క కాచుకుని ఉంటుందో అతనికి కంఠస్థం. నోటికి జానెడు పైన ఏముందో అడిగితే మాత్రం ఆకాశం వంక చూస్తాడు. చూసినా అలవాటు లేని చూపు.

ఒక్క ఆధారం ఉంది. కిటికీ రెక్కలకు పచ్చరంగు వేశామని చిట్టి ఎప్పుడో అంది. "ఆ పచ్చ డబ్బాలో దొరకదు. నేనే కలిపా. ఆ ఏడాది వీధి మొత్తంలో పచ్చ అదొక్కటే."

కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం వరకు వేదాంతి తలెత్తి నడిచాడు. తలెత్తుకు తిరగడం గౌరవమైన పనే గాని, భుజాన సంచీతో, నున్నటి రాళ్ళ వాలులో అది ప్రాణం మీదికి తెచ్చే పని. సోమవారం దీపస్తంభం అతన్ని ఆపింది. మంగళవారం పదో ఇంటి పై అంతస్తులో తల ఆరబెట్టుకుంటున్న ఆవిడ, "ఇన్నేళ్ళూ బుద్ధిగా ఉన్నావు. పెళ్ళి కుదిరాక చూపు పైకి పాకిందేం నాయనా?" అని కిటికీ రెక్కలు ధనామని మూసేసింది. పచ్చ రెక్కలు. సంతోషించేలోపు బుధవారం మరో పచ్చ, గురువారం ఇంకో రెండు, శుక్రవారం అయిదోది. చిట్టి కలిపిన పచ్చ బాగుందని మరుసటేడు నలుగురు ఇరుగుపొరుగులు డబ్బా పచ్చ కొని పూసుకున్నారు. అసలు ఏదో, నకలు ఏదో రంగుల మనిషికి తెలియవచ్చు. ఉత్తరాల మనిషికి అయిదూ ఆకులే.

ఆ రంగులు వేసిన ఏడాది పరంజా గుర్తులేదా అంటే, ఉంది. అదే ఏడాది పురపాలక కార్యాలయం వారు వీధి మాసిపోయిందని తాఖీదు ఇస్తే, పన్నెండు ఇళ్ళకు ఒకేసారి పరంజాలు లేచాయి. వేదాంతికి అవి గడకర్రలు. దారికి అడ్డం. పన్నెండు చోట్లా వాటిని చుట్టి పోయాడు, పన్నెండు చోట్లా తిట్టుకున్నాడు. ఆ కర్రల చివర మనుషులున్నారేమోనన్న ఊహ, ఆత్మ ఉందా లేదా అని రాత్రిళ్ళు చదివేవాడికి ఒక్కనాడూ రాలేదు.

శనివారం సాయంత్రం నాలుగింటికి చిట్టీ, ఆమె తండ్రీ వస్తామన్నారు. ఆదివారం ఫోటోలకు ముందు ఒకసారి చోటు చూసుకోవడానికి. అక్క మాత్రం మూడింటికే వచ్చింది, మెడలో కెమెరా, చేతిలో గొడుగు. ఫోటోలు తీసేది అక్కే. కాకపోతే ఆమె వృత్తి అమ్మకానికో అద్దెకో ఉన్న ఇళ్ళను ప్రకటనల కోసం ఫోటోలు తీయడం. "మనుషులుంటే గదులు ఇరుగ్గా కనిపిస్తాయిరా" అన్నది ఇరవై ఏళ్ళ అనుభవంతో ఆమె తేల్చిన సత్యం. తమ్ముడి పెళ్ళి కాబట్టి ఈ ఒక్కసారికి మనుషుల్ని ఓర్చుకుంటానంది.

"ఫోటోలకు చోట్ల పట్టీ రాశావా?"

రాశాడు. అయిదు పచ్చల్లో తేల్చుకోలేక, తాను నిజంగా ఎరిగిన అందాలను ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఎవరైనా అడిగితే చూపడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. అక్క కాగితం లాక్కుని మొదటి అంకె ముందు నిలబడింది.

"నాలుగో నంబరు. ఇక్కడేముంది?"

"కింద చూడు. పాత ఇత్తడి. మూసుకునేటప్పుడు చప్పుడే చేయదు. లోపల ఎవరైనా పడుకుని ఉంటే నిద్ర పాడవ్వదు."

"ఊఁ. పదకొండు?"

"రేకు మీద ఎవరో మేకుతో చెక్కారు చూడు, 'మెల్లగా' అని. మొదటిరోజు చదివాను. అప్పట్నుంచి ఎక్కడైనా మెల్లగానే వేస్తున్నా."

"పంతొమ్మిది?"

"అది విశేషం. ఒకే తలుపుకి రెండు నోళ్ళు. అన్నదమ్ములు విడిపోయి, తలుపు పంచుకోలేక నోరు పంచుకున్నారు. తమ్ముడిది ఎప్పుడూ మెరుస్తూ ఉంటుంది. అన్నకి ఉత్తరాలెక్కువ, తీరిక తక్కువ."

అక్క గొడుగు మూసింది. "ఒరేయ్, ఇవన్నీ మోకాలి ఎత్తులో ఉన్నాయి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పాకుతూ దిగుతారా ఫోటో? నా మరదలు అయిదడుగుల తొమ్మిదంగుళాలుంది. దాన్ని ఎక్కడ మడత పెట్టను?"

అప్పుడు వేదాంతి మెట్ల మీద కూలబడి సంగతంతా చెప్పాడు. అక్క జాలిపడుతుందని కాదు. ఎవరో ఒకరు తిడితే కొంత తేలికపడవచ్చునని.

అక్క తిట్టలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "అయిదు పచ్చలు. ఏదో ఒకటి చూపించు. అయిదింట ఒక వంతు ఛాన్సుంది. ఇంతకంటే తక్కువ ఛాన్సు మీద నేను మీ బావని చేసుకున్నా."

"తప్పయితే?"

"తప్పయితే పెళ్ళి తప్పుతుంది. నీకు చదువుకోడానికి టైమే టైము."

"ఒప్పయితే మాత్రం అబద్ధం కాకుండా పోతుందా అక్కా?"

"ఇదిగో, ఇక్కడే నీకు కంచం పోయేది," అని అక్క కాగితం మళ్ళీ విప్పింది. "ఇరవై ఏడేంటి? 'బొటనవేలికి బుడిపె' అని రాశావు. ఇదేం అందంరా?"

"అందం కాదు, సుఖం," అని వేదాంతి ఇరవై ఏడో నంబరు తలుపు దగ్గరికి తీసుకువెళ్ళి వంగి చూపించాడు. "మిగతా రేకులు వానాకాలంలో జారతాయి. దీని అంచు మీద మాత్రం చిన్న బుడిపె ఉంది. వేలు ఆనిస్తే చాలు లేస్తుంది. వీధి మొత్తంలో నా వేలుకు చుట్టమంటూ ఉంటే ఇదే. రోజూ..."

ఆగిపోయాడు. అక్క కూడా వంగింది. కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఇది బుడిపె కాదురా గుడ్డివాడా. ఎండిపోయిన రంగు. పచ్చ."

తొమ్మిదేళ్ళలో వేదాంతి ఆ రేకును తాకాడే గాని చూడలేదు. ఇప్పుడు చూశాడు. కందిగింజంత పచ్చటి చుక్క. చూసీ చూడగానే ఒక పాత ఉదయం అతని బొటనవేలిలోంచి లేచి వచ్చింది. రెండేళ్ళ కిందట, ఇదే రేకు, తడి తడిగా ఏదో అంటుకుంది. చూసుకోకుండా తరువాతి ఇంటికి పోయాడు. ఇరవై ఎనిమిదో నంబరులో విశ్రాంత న్యాయవాది. ఆయనకు వచ్చిన మూడు కవర్ల మీదా స్పష్టమైన పచ్చటి వేలిముద్ర. ఆయన ఆ మూడింటినీ సాక్ష్యంగా జతచేసి ఫిర్యాదు పంపారు. మెమో వచ్చింది. వేదాంతి మూడు పేజీల సంజాయిషీ రాశాడు: మరకకు కారణం రంగు, రంగుకు కారణం రంగు వేసినవాడు, అతనికి కారణం ఆ ఇంటివారి కోరిక, కోరికకు కారణం లోకంలో మాసిపోవడమనే ధర్మం, కాబట్టి దోషి ఎవరు అని. పోస్ట్‌మాస్టరు చదివి, "సంజాయిషీ అడిగాను, పురాణం కాదు" అని చివాట్లు పెట్టి వదిలేశారు.

ఆ ఏడాది వీధిలో పచ్చ ఒక్కటే.

వేదాంతి మెల్లగా తల పైకెత్తాడు. పాలమీగడ రంగు గోడ, మొదటి అంతస్తు, రెండో అంతస్తు, ఆపైన బాల్కనీ, దాని వెనక తెరిచి ఉన్న కిటికీ రెక్కలు. డబ్బా పచ్చలన్నీ 'మేం పచ్చ' అని అరుస్తున్నట్టుంటే, ఇది తన పేరు చెప్పకుండా ఊరుకున్న పచ్చ. అంచుల్లో ఎక్కడా గోడ మీదికి వెంట్రుకవాసి కూడా పాకలేదు. అంత ఎత్తున, కర్ర మీద నిలబడి, ఎవరూ చూడరని తెలిసీ, ఇంత శుభ్రంగా ఎందుకు గీసింది? అతని మెడ పట్టేసింది. మోకాలి నొప్పి మెడకెక్కిందని మనసులో వేళాకోళం చేసుకోబోయాడు గాని, కుదరలేదు. కళ్ళు చెమర్చాయి.

"బతికిపోయావు," అంది అక్క. "కళ్ళు తుడుచుకో, వస్తున్నారు."

కింది మలుపులో చిట్టీ, ఆమె తండ్రీ కనిపించారు. రంగుల మేస్త్రి అయిన ఆ తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీధిలోని ప్రతి గోడనూ పరీక్షాధికారిలా చూస్తూ, "సొట్ట... పొక్కు... ఇది సున్నమా సుద్దా?" అని పెదవి విరుస్తూ ఎక్కుతున్నాడు. చిట్టి గోడల వంక చూడటం లేదు. వేదాంతి ఏ ఇంటి ముందున్నాడో దూరం నుంచే చూసి, అక్కడే ఆగిపోయింది. తరువాత మిగిలిన వాలంతా దాదాపు పరుగున ఎక్కింది.

"చెప్పాగా నాన్నా!" అంది, రొప్పుతూ. "చెప్పానా లేదా?"

మేస్త్రి వచ్చి వేదాంతి రెండు భుజాలూ పట్టుకున్నాడు. "అల్లుడూ, నిజం చెప్తున్నా, నేను నమ్మలా. అమ్మాయి పిచ్చిది, ఎవడో తియ్యగా మాట్లాడితే పడిపోయింది అనుకున్నా. అయిదు పచ్చలున్న వీధిలో వచ్చి అసలు పచ్చ ముందు నిలబడ్డావు. కన్నంటే అదయ్యా! నలభై ఏళ్ళ పనిలో నా గోడ చూసినవాణ్ణి ఇన్నాళ్ళకి అల్లుడిగా తెచ్చుకుంటున్నా."

"మామయ్యా, అది..."

"మాట్లాడకు. నా పనిలో ఇంకో గొప్ప చెప్పనా? మూడంతస్తులు చేస్తే నేల మీద ఒక్క బొట్టు కనపడదు. కావాలంటే వెతుక్కో."

వేదాంతి వెతుక్కోలేదు. కాలు కొద్దిగా జరిపి, ఇత్తడి రేకుకు అడ్డంగా నిలబడ్డాడు.

రేపటి ఫోటో ఎలా వస్తుందో ఇప్పుడే ఒకసారి చూద్దామని అక్క అప్పటికే పనిలో దిగింది. తలుపు కొట్టి ఇంటావిడను పిలిచి, తొమ్మిదేళ్ళుగా ఉత్తరాలు తెచ్చే మనిషి పెళ్ళని చెప్పి ఒప్పించింది. ఆ పెద్దావిడ వేదాంతి ముఖాన్ని ఎరగనట్టు చూసి, అతని చేతిని చూశాక, "ఆఁ, ఆ చెయ్యి నాకు తెలుసు" అంది. చిట్టిని వెంటపెట్టుకుని మెట్లెక్కింది. అక్క పథకం సరళమైనది: పెళ్ళికూతురు మూడో అంతస్తు బాల్కనీలో, పెళ్ళికొడుకు కింద, టోపీ పెట్టుకుని, తలెత్తి. "ఆ రోజుల్లో రోజూ ఎలా చూసేవాడివో అలా," అంది అక్క గట్టిగా. ఆ వెంటనే తమ్ముడికి మాత్రమే వినపడేలా, "నోరు మూసుకుని చూడరా. దొరికింది దొరికినట్టు తీసుకో," అని గొణిగింది.

బాల్కనీలో చిట్టి వచ్చి నిలబడింది. కమ్మీకి ఆనుకోలేదు. ఎత్తు అలవాటున్నవాళ్ళు ఆనుకోరు. పాలమీగడ గోడ ముందు, తాను కలిపిన పచ్చ ముందు, చేతులు కట్టుకుని కిందికి చూసి నవ్వింది. ఆ నవ్వు రెండేళ్ళ కిందటి తొమ్మిదింబావుకు చేరవలసింది. పొరపాటు చిరునామా మీద ఇప్పుడు వేదాంతి దగ్గరికి వచ్చింది.

ఇంత తెలిసినవాడికి లోపల వాదన కూడా సిద్ధంగానే ఉంది. చూడటమంటే కళ్ళతోనేనా? రెండేళ్ళుగా రోజూ ఆమె పనిని బొటనవేలితో తాకలేదా? ఆ లెక్కన 'రోజూ' అన్నది నిజమే కదా? చాలా బలమైన వాదన. అంత తేలిగ్గా దొరికింది కాబట్టే వేదాంతికి దాని మీద అనుమానం కలిగింది. ఇరవై ఏళ్ళ చదువు అతనికి నేర్పినది ఒక్కటే: తనకు లాభించే తత్వాన్ని కుక్క ఉన్న గుమ్మంలాగా చూడాలి.

ఈ ఫోటో దిగితే గోడకెక్కుతుంది. తమ ఇంటి గోడకు, నలభై ఏళ్ళు. రోజూ దాని కిందే తినాలి.

"చిట్టీ!" అన్నాడు.

"ఆఁ?"

"నేను చూడలేదు."

"ఏంటి? వినపడట్లా!"

మూడంతస్తుల కిందినుంచి మెల్లగా నేరం ఒప్పుకోవడం కుదరదని వేదాంతికి అప్పుడు తెలిసింది. టోపీ తీసి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి, తొమ్మిదేళ్ళలో ఆ వీధిలో ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తాడు.

"నేను నిన్ను చూడలేదు! ఒక్కరోజు కూడా తలెత్తలేదు! 'రోజూ' అని అబద్ధం చెప్పాను!"

కిటికీలు తెరుచుకున్నాయి. ఇరవై ఎనిమిదో నంబరు న్యాయవాది బనీను మీదే గుమ్మంలోకి వచ్చారు. పదో ఇంటావిడ, "నేనప్పుడే అనుకున్నా ఇతని చూపు" అని ఎవరికో చెప్తోంది. అక్క కెమెరా దించి, "పోయింది," అంది.

"మరి ఇల్లెలా తెలిసింది?" పైనుంచి చిట్టి గొంతు. నవ్వు లేదు.

"చుక్క వల్ల! ఉత్తరాల రేకు మీద పచ్చ చుక్క పడింది! అది నా వేలికంటి, ఈయన ఉత్తరాలకంటి, నాకు మెమో వచ్చింది! నాకు తెలిసింది ఆ చుక్కొక్కటే!"

"ముమ్మాటికీ నిజం," అన్నారు న్యాయవాది. "కవర్లు నా దగ్గర భద్రంగా ఉన్నాయి."

"చుక్కా?" అన్నాడు మేస్త్రి. అల్లుడి అబద్ధం ఆయన చెవిని తాకినట్టు లేదు. "నా పనిలో చుక్కా? ఏది?" వేదాంతిని పక్కకు నెట్టి, మోకాళ్ళు పటపటమంటుంటే వంగి, రేకును గోటితో గీకి, వాసన చూశాడు. "గాలికి పడుంటుంది," అన్నాడు చివరికి.

"గాలికి నిట్టనిలువుగా పడుతుందా బాబాయ్‌గారూ?" అంది అక్క.

"అయితే అమ్మాయి వేసుంటుంది. కిటికీలు అమ్మాయే..."

"నాన్నా!" పైనుంచి పిడుగు పడింది. "కిటికీలు వేసింది నువ్వు! నేను గోడ చేశా! నా చేతిలోంచి చుక్క ఎప్పుడు జారింది?"

వేదాంతి నిర్ఘాంతపోయాడు. రెండేళ్ళుగా తన వేలు రోజూ ఆప్యాయంగా తాకివచ్చినది మామగారి చుక్కను. లోపల ఇంకా మిణుకుమిణుకుమంటున్న ఆ బలమైన వాదన అంతటితో చచ్చి ఊరుకుంది. ఒక రకంగా మంచిదే. ఇక వెనక్కి నడవడానికి గడకర్ర కూడా లేదు.

వీధి ఎదురుచూస్తోంది. చిట్టి కమ్మీ పట్టుకుంది. ఎత్తు అలవాటున్న మనిషి.

"ఆ ఒక్క మాట మీదే ఒప్పుకున్నా. తెలుసా నీకు?"

"తెలుసు! అందుకే చెప్పా!"

"చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"తెలుసు!"

ఆమె కిందికి చూసింది. టోపీ లేని తల, ఎండలో మెరుస్తున్న నుదురు, మెడ నొప్పితో ముడుచుకున్న ముఖం. ఇంత పైనుంచి ఇతని ముఖం చూడటం ఆమెకూ ఇదే మొదటిసారి.

"మెమో వచ్చినప్పుడు ఏమని తిట్టావు?"

"ఎవర్ని?"

"చుక్క వేసినవాణ్ణి."

వేదాంతి మేస్త్రి వంక చూశాడు. మేస్త్రి ఇంకా రేకు దగ్గరే వంగి, గోటితో చుక్క ఊడదీయాలని చూస్తున్నాడు. అది ఊడటం లేదు. ఊడకపోవడం చూసి ఆయన ముఖంలో సిగ్గు స్థానంలో గర్వం మెల్లగా పొడుస్తోంది.

"అందరి ముందూ చెప్పలేను! ముఖ్యంగా... అందరి ముందూ చెప్పలేను!"

"అయితే పైకొచ్చి చెప్పు," అంది చిట్టి. "విన్నాక చూద్దాం, ఫోటో ఉందో లేదో. పెళ్ళి ఉందో లేదో కూడా." అని బాల్కనీలోంచి లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు తెరిచే ఉంది. తొమ్మిదేళ్ళుగా వేదాంతి ఆ తలుపును దాని నోటి దాకానే ఎరుగును. ఏ ఇంటి గడపా దాటకపోవడం అతని ఉద్యోగ నియమం, కొంతకాలంగా జీవిత నియమం కూడా. లోపల ఏముందో అతనికి తెలియదు. మెట్లు ఎన్నో తెలియదు. పైన తనకు దొరికేది క్షమాపణో, చెంపదెబ్బో, ఏ పుస్తకంలోనూ చదవలేదు. కింద నిలబడి ఆలోచిస్తే సాయంత్రం వరకూ ఆలోచించవచ్చు. అందుకు కావలసిన చదువంతా అతని దగ్గర ఉంది.

ఆలోచించకూడదని నిశ్చయించుకున్నాడు. టోపీ అక్క చేతిలో పెట్టి, మామగారి వీపు మీదుగా కాలు చాపి, గడప దాటాడు.

మొదటి మలుపులో దిగి వస్తున్న ఇంటావిడ ఎదురైంది. "ఏంటి బాబూ, సంతకం పెట్టించుకునేదేమైనా ఉందా?"

"లేదండీ. నేనే," అని వేదాంతి, తలెత్తి, రెండేసి మెట్లు ఎక్కసాగాడు.